ఐలయ్య చెప్పని ఆరు అంకెలు

అది 2023 వేసవి. మిర్యాలగూడలోని ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తూ, ఇంటర్ అయిపోయిన పిల్లలకు పై చదువుల దారి చూపించే పని కూడా నేనే చూసేదాన్ని. నాలో ఏదో ప్రతిభ చూసి ఇచ్చిన పని కాదది. స్టాఫ్‌రూంలో కంప్యూటర్ నా కుర్చీ పక్కన ఉంది, అంతే.

డిగ్రీలో చేరాలంటే వెబ్ ఆప్షన్స్ పెట్టాలి. అంటే కావలసిన కాలేజీలను, కోర్సులను ఇష్టమైన వరుసలో కంప్యూటర్లో ఎక్కించాలి. చివర్లో సబ్మిట్ నొక్కగానే ముందే నమోదు చేసిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు కొడితేనే పెట్టినట్టు లెక్క. మా పిల్లల్లో చాలామందికి ఆ ఫోన్ ఇంట్లో ఉండదు. నాన్న జేబులో, ఆయన పొలంలోనో గొర్రెల వెంటో ఉంటుంది.

స్రవంతిది అదే పరిస్థితి. బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుంది. సూర్యాపేటలో మైక్రోబయాలజీ చదవాలని పట్టుదల. కాలేజీల వరుస ఆరుసార్లు మార్చి ఆఖరి రోజుదాకా లాగింది. గడువు సాయంత్రం ఐదింటికి. అది దాటితే తర్వాతి విడతలో మిగిలినదేదో తీసుకోవాలి, ఆ కోర్సులో సీటు మిగలడం కష్టం. మధ్యాహ్నం రెండింటికి మా స్టాఫ్‌రూం కంప్యూటర్లో సబ్మిట్ నొక్కి, వాళ్ళ నాన్న ఐలయ్యకు ఫోన్ చేసింది. ఆయన త్రిపురారం దగ్గర కోసిన వరిమళ్ళలో గొర్రెలు మేపుతున్నాడు.

"నాయినా, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. నా సీటుది. జర సదివి చెప్పు."

"చెప్ప."

"నేను నాయినా, స్రవంతిని."

"అయితే మన ముసలి పొట్టేలు పేరేంది?"

"వంకకొమ్మోడు."

"నా బిడ్డవే. అయినా చెప్ప. సొంత బిడ్డ అడిగినా చెప్పొద్దని ఊర్లకొచ్చిన బ్యాంకు సారు చెప్పిండు."

నేను ఫోన్ అందుకున్నాను. మాది ఆంధ్ర సరిహద్దులోని కోదాడ. నా మాటలో ఆంధ్ర యాస బాగానే తగులుతుంది. "ఐలయ్యగారూ, నేను మీ అమ్మాయి లెక్చరర్‌నండీ. ఆ నంబర్ కాస్త త్వరగా చెప్పండి" అన్నాను.

 గొర్రెల అరుపుల మధ్య ఆయన గొంతు తగ్గించి, "బిడ్డా, జర పైలం. ఎవరో అండీ అండీ అనుకుంట నీ పక్కన జేరిండ్రు" అని పెట్టేశాడు.

మూడుసార్లు ఓటీపీ తెప్పించాం. మూడుసార్లూ చెరిపేశాడు. అదీ బ్యాంకు సారు చెప్పిందేనట. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్లను సూర్యాపేట పంపడం ఇష్టంలేక ఈయన ఓటీపీని అడ్డం పెట్టుకున్నాడని తేల్చేశాను. రిజిస్టర్లో స్రవంతి పేరు ఎదురుగా 'తండ్రి సహకారం లేదు' అని ఎర్ర ఇంకుతో రాసి, పిల్లను స్కూటీ ఎక్కించుకుని త్రిపురారం బయల్దేరాను. "మా నాయిన అట్లాంటోడు కాదు మేడం" అని అది వెనక నుంచి చెబుతూనే ఉంది. నేను ఉపన్యాసం తయారు చేసుకునే పనిలో ఉండి వినిపించుకోలేదు.

నాలుగూ ఇరవైకి చేరాం. కాలువ గట్టు కింద ఐలయ్య భుజాన గొంగడితో నిలబడి ఉన్నాడు. స్కూటీకి స్టాండ్ వేస్తూనే మొదలుపెట్టాను. ఆడపిల్లల చదువు, వాళ్ళ కాళ్ళమీద వాళ్ళు నిలబడటం, దేశం ముందుకు పోవడం, ఒక్కటీ వదల్లేదు. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి ఓపిగ్గా విన్నాడు. మధ్యలో వంకకొమ్మోడు వచ్చి నా చీర కొంగు నమలడం మొదలుపెట్టాడు.

"మంచిగ చెప్పిండ్రు మేడం" అన్నాడు ఐలయ్య చివరికి. "నేను సదువొద్దని ఎన్నడన్న? మీరెందుకు గింత పరేషాన్ అయితున్నరు?"

టైం చూస్తే నాలుగూ నలభై. మిగిలిన కాస్త సమయంలో సగం నేనే తినేశాను.

స్రవంతి నా ఫోన్లో సైట్ తెరిచి సబ్మిట్ నొక్కింది. ఐలయ్య జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకున్నాడు.

"ఇప్పుడన్న చెప్పు నాయినా."

"చెప్ప. చెప్పొద్దన్నరు."

నేను మళ్ళీ టైం చూసుకున్నాను. ఆయన మాత్రం తాపీగా చుట్టూ ఒకసారి చూసి, గొంగడి విప్పి తనమీద, బిడ్డమీద కలిపి కప్పాడు. లోపలినుంచి మాట వినిపించింది. "సూపియ్యొద్దని అనలే గద. సూసుకో. మేడం, మీరు జర అటు తిరగుండ్రి."

నేను కాలువ వైపు తిరిగాను. నాతోపాటు వంకకొమ్మోడు కూడా తిరిగాడు. నాలుగూ నలభై ఎనిమిదికి గొంగడిలోంచి "అయిపోయింది మేడం" అని స్రవంతి అరిచింది.

"మరి మధ్యాహ్నమే ఇక్కడికి రమ్మని ఫోన్ చూపిస్తే పోయేది కదా ఐలయ్యగారూ" అన్నాను, ఇంకా కోపం చావక.

"సీటుది అని బిడ్డ చెప్పింది మేడం. అందుకే ఇంక గట్టిగ పట్టుకున్న. గీ నంబరు ఒకల చేతుల పడితే దాని సీటు ఎత్తుకపోరా?"

నాకు సిగ్గేసింది. నేను అడ్డం అనుకున్న మనిషి, తనకు తెలిసిన పద్ధతిలో, ఆ సీటుకు కాపలా కాస్తున్నాడు.

సీట్లు ఇచ్చే రోజు వచ్చింది. మెసేజ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. నేను ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఐలయ్యగారూ, సీటు వచ్చిందా అండీ?"

"ముందుగాల మా పొట్టేలు పేరు చెప్పుండ్రి."

"వంకకొమ్మోడు."

"వచ్చింది మేడం. సూర్యాపేట. బిడ్డ అడిగిందే."

రిజిస్టర్ తీసి ఎర్ర ఇంకు మాట కొట్టేశాను. పక్కనే 'సహకారం అవసరానికి మించి ఉంది' అని రాశాను. ఇప్పుడు ఏ పిల్ల పేరు ఎదురుగానైనా ఆ గడి నింపేముందు తల్లినో తండ్రినో వెళ్ళి కలుస్తాను. ముందు వాళ్ళు చెప్పేది వింటాను. ఉపన్యాసం ఇంట్లోనే పెట్టి వెళ్తాను.