అక్రిలిక్ అంటే కంపెనీ పేరనుకున్నాను

ముప్పై ఏళ్ళుగా ఊలు అల్లుతున్నాను. ఆదోని బజారులో ఉండలు కొని ఇరుగుపొరుగు పిల్లలందరికీ టోపీలు, స్వెట్టర్లు అల్లిపెట్టాను. ఎవరైనా రెడీమేడ్‌వి తెచ్చుకుంటే, నాది అసలైన గొర్రె ఊలని ఎగతాళి కూడా చేసేదాన్ని. ఉండకు చుట్టిన కాగితం మీద ఇంగ్లీషులో అక్రిలిక్ అని ఉండేది. అది కంపెనీ పేరనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నా కూతురు కాన్పుకు వచ్చి పాపకు మూడో నెల వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంది. చలికాలమని పాపకు తెల్లటి సాక్సులు అల్లాను. ఒక పొద్దున నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేస్తున్నాం. కూతురు పాపను చేతుల మీద పట్టుకుంది, నేను నిప్పుల మీద సాంబ్రాణి చల్లాను. ఒక రవ్వ చిటుక్కున ఎగిరి సాక్సు మీద పడింది. దులిపితే పోతుందనుకున్నాను. అది కరిగింది. కరిగి పాప పాదానికి అంటుకుపోయింది. పాప ఏడవబోయి ఊపిరి పట్టేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని తడిపి తడిపి తీసింది. "ఇది ఊలు కాదమ్మా, ప్లాస్టిక్ దారం. అక్రిలిక్ అంటే అదే" అంది. గొర్రె వెంట్రుకైతే మాడి ఆరిపోతుందట, ఇట్లా కరగదట.

గాయం మానింది గానీ మచ్చ ఉండిపోయింది. కూతురు పాపను తీసుకుని ఎమ్మిగనూరు వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. పాపను చూపించమంటే "నిద్రపోతాంది" అనేది. ఇక నా మనవరాలిని నా చేతికి ఇవ్వదేమోనని భయం పట్టుకుంది. నిజమైన ఊలుతో అల్లి తీసుకుపోతే మనసు మారుతుందనుకున్నాను.

దేవనకొండ వైపు ఒక పల్లెలో గొర్రెలు కాసే ముసలాయన ఉన్నాడంటే వెళ్ళాను. ఊలునిచ్చే నల్ల గొర్రె బొచ్చు కావాలంటే ఎరువు దిబ్బ చూపించాడు. వానకు తడిసి గుట్టగా పడి ఉంది.

"కొనేవాళ్ళు యాడుండారమ్మా? కత్తిరిస్తాం, ఈడ పారేస్తాం. బీళ్ళన్నీ పత్తి చేన్లయినాయి. మందు కొట్టిన చేన్లో మేసి ఎన్ని సచ్చినాయో. ఇంగ అందరూ మాంసానికి పనికొచ్చే గొర్రెలే తెచ్చుకుంటాండారు. వాటికి బొచ్చే ఉండదు."

ఆ దిబ్బ ముందు బిత్తరపోయి నిలబడ్డాను. మా ఊరికి గంట ప్రయాణంలో ఊలు కుళ్ళిపోతుంటే, నేను ప్లాస్టిక్‌ను ఊలని చెప్పి ఇంతమంది పిల్లలకు తొడిగానా?

ముసలాయన భార్య గొర్రెపిల్లల మెత్తటి బొచ్చు ఏరి, కదురుతో వడికి ఇచ్చింది. అందులో చిక్కుకున్న పల్లేరు ముళ్ళు తీసుకుంటూ సాక్సులు అల్లాను. పాపకు గుచ్చుకోకుండా లోపల పాత నూలుచీర ముక్క కుట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

కూతురు సాక్సులు అందుకుంది. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టించింది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి ఆరిపోయింది. బూడిదను వేళ్ళతో నలిపి చూసింది. కన్నతల్లికే పరీక్ష పెడుతుందా అని నాకు చర్రున కోపం వచ్చింది.

చూస్తే నా కూతురు ఏడుస్తోంది.

"సాక్సులు ఇప్పి పొగ పెడదామని నువ్వు సెప్తివి గదమ్మా. సలి అని నేనే ఇప్పలేదు. ఇన్నాళ్ళూ నీతో మాట్లాడేదానికి నాకు మొగం సెల్లలేదు."

నేను అలా చెప్పానో లేదో నాకు గుర్తే లేదు.

"నేనా మాట అననే లేదు" అని పాపను ఎత్తుకున్నాను.