గంజి పడ్డదన్నరు

నా ఎడమ చేతికి, మోచెయ్యి కింద, ఒక మచ్చ ఉంది. వేలంత వెడల్పు, జానెడుకు జెర తక్కువ పొడుగు. అక్కడ చర్మం నున్నగ మెరుస్తది. చిన్నప్పుడు పొయ్యి మీది గంజి మీద పోసుకున్ననని మా అమ్మ చెప్పింది. బళ్లె దోస్తులు అడిగినా, పెండ్లిచూపులకు వచ్చినోళ్లు అడిగినా నేను అదే చెప్పిన. ఆ గంజి గిన్నె కూడ నాకు యాదికున్నది. సత్తు గిన్నె, అంచు సొట్టపోయింది. నేనే గుంజుకున్న, నేనే మీద పోసుకున్న. ముప్పై ఏండ్లు దాటేదాక నాకు దాని మీద అనుమానమే రాలే.

మాది ఎల్లారెడ్డి. బాపు గల్ఫ్ పోయి, రెండు మూడు సార్లు వచ్చి, తర్వాత రావుడు బంద్ చేసిండు. ఎందుకు రాలేదో అమ్మ ఎవరినీ అడగలే. గోడకు ఆనుకొని, ఒడిలె చాట పెట్టుకొని బీడీలు చేసేది. ఆమె చేతులు ఎంత జల్ది తిరిగేవో, కోపం కూడ అంత జల్ది వచ్చేది. పొద్దున నవ్వుకుంట జడ అల్లేది, మధ్యాహ్నం చెంబు కిందపడితే అదే జడ పట్టి ఈడ్చేది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడుతోనే అమ్మ మనసు ఎట్లున్నదో పసిగట్టుడు నేర్చుకున్న. చప్పుడు ఆగిందంటే లేచి బయటికి పోయేదాన్ని. కొట్టినంక అమ్మనే అన్నం కలిపి నోట్లె పెట్టేది. నువ్వు సక్కగుంటె నాకెందుకు కోపమొస్తది అనేది. ఆ మాటల తప్పేం కనపడేది కాదు నాకు. నాలనే ఏదో లోపముందనుకున్న.

పెండ్లయినంక కామారెడ్డి వచ్చిన. నన్ను చేసుకున్నతను కరెంటు సామాన్ల దుకాణంల పనిచేసేటోడు. గొంతు పెంచి మాట్లాడుడు గల్లీల ఎవరూ వినలే. ఎంత మంచోడు దొరికిండని అందరూ అన్నరు. మొదలు మాటలతోనే సతాయించిండు. తాళంచెవి నేను పెట్టిన చోట ఉండేది కాదు. వెతుకుతుంటే నీకు మతి లేదు అని నవ్వేటోడు. నేను చెప్పిన మాట చెప్పలేదనేటోడు, చెప్పని మాట చెప్పినవనేటోడు. తర్వాత చేతులు కూడ లేసినయ్. ఒక పొద్దున నన్ను బీరువా మీదికి నూకిండు. కనుబొమ్మ చినిగి రక్తం కంట్లెకు కారింది. దవాఖానకు బండి మీద అతనే తీస్కపోయిండు. దారి పొడుగునా మెత్తగ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిండు.

"తడి నేల మీద జారినవ్. చూసుకొని నడువాలె గదా."

డాక్టరు అడిగితే జారిపడ్డనని చెప్పిన. ఇప్పటికీ నన్ను వణికించేది ఒకటుంది. ఆ రోజు నేను భయపడి అబద్ధం చెప్పలే. కుట్లు వేస్తుంటే నాకు నిజంగనే తడి నేల కనవడ్డది.

కుట్లతోనే ఎల్లారెడ్డి పోతే అమ్మ కనుబొమ్మ దిక్కు ఒకసారి చూసి, మగోళ్లు కోపంలున్నప్పుడు ఎదురు మాట్లాడొద్దని చెప్పి, మర్నాడే బస్సెక్కించింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు లింగంపేట నుంచి మా చిన్నమ్మ వచ్చింది. అమ్మకు సొంత చెల్లె. కామారెడ్డిల కంటి ఆపరేషన్ చేయించుకొని, చుక్కల మందు అయిపోయేదాక మా ఇంట్ల ఉన్నది. ఒకరోజు అతను దుకాణం పోయినంక నేను కుట్టు మిషన్ ముందర కూసొని జాకెట్ కుడుతున్న. చిన్నమ్మ దగ్గరికి జరిగి నా చెయ్యి పట్టుకొని మచ్చను వేలితో తడిమింది. కన్ను మంచిగ కనవడుతున్నది గదా, ఇంతకుముందు చూడనియ్యన్నీ చూస్తున్నది.

"ఇంకా పోలేదా బిడ్డా ఇది? ఆ రోజు నేను జెర ముందొస్తే మీ అమ్మ చేతిలకెళ్లి గంటె గుంజుకునేదాన్ని."

ఏం గంటె అని అడిగిన. నాకు తెలుసనుకున్నది ఆమె. పెద్దదాన్నయినంక అమ్మనే చెప్పి ఉంటదనుకున్నదట. నా మొఖం చూసినంక ఆమెకు గూడ భయమైంది, కానీ మాట సగంల ఆపలేకపోయింది.

నాకు నాలుగేండ్లు. ఆడుకుంట నీళ్ల బిందెను తన్నిన. నీళ్లు పోయి చాటలున్న తంబాకు మొత్తం తడిసింది. అమ్మ ఇనుప గంటెను పొయ్యిల ఎర్రగ కాల్చి దాని కాడతోని నా చేతికి వాత పెట్టింది. అప్పుడే చిన్నమ్మ మా ఇంటికని గల్లీల నడుస్తున్నది. నా అరుపు విని ఉరికొచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మ నన్ను సంకన ఎత్తుకొని చెప్పులు గూడ లేకుండ దవాఖానకు ఉరికింది. దారిల ఎదురైనోళ్లకు గంజి పడ్డదని చెప్పింది. చిన్నమ్మతోని ఒట్టు పెట్టించుకున్నది.

మొదలు నాకు నవ్వొచ్చింది. చిన్నమ్మ ఎవరినో చూసి నేననుకున్నదని అనిపించింది. మరి గంజి గిన్నె, సొట్టపోయిన సత్తు గిన్నె ఏమైందని అడిగిన.

"ఏ గిన్నె బిడ్డా? నేనొచ్చేసరికి మీ పొయ్యి మీద ఏమీ లేదు, ఉత్త మంటనే ఉన్నది."

మిషన్ తొక్కుతున్న కాలు ఆగిపోయింది. చెయ్యి మీదికి చూసిన. గంజి పడితే కారుతది, అడ్డదిడ్డంగ కాలుతది. ఇది కాడ పెట్టి గీసినట్టున్నది. రోజూ సబ్బు రుద్దే చెయ్యి, గాజులేసే చెయ్యి, ఒక్కనాడు గూడ నేను చూడలే. నాది కానట్టు దాన్ని ఒడిలె పెట్టుకొని కూసున్న. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. లేని గిన్నె నాకు ఇన్నేండ్లు అంత స్పష్టంగ కనవడ్డదంటే, మరి ఆ తడి నేల? లేచి బీరువా దగ్గరికి పోయి నిలవడ్డ. ఆ పొద్దున నేను ఇల్లు తుడవనే లేదు. అతను నూకంగనే పొడి బండల మీద రక్తం చుక్కలు పడ్డయ్. అది ఇప్పుడు కండ్ల ముందరికొచ్చింది.

మర్నాడు ఆధార్ కార్డు చూపిచ్చి ఆడోళ్లకు ఉత్తగిచ్చే జీరో టికెట్ తీసుకొని ఎల్లారెడ్డి పోయిన. అమ్మ అదే గోడకు ఆనుకొని ఆకు కత్తిరిస్తున్నది. చెప్పులు విడవకముందే అడిగిన.

"నా చెయ్యి గంజితోని కాలలేదంట గదమ్మా."

కత్తెర ఆగింది. ఎవరు చెప్పిండ్రని అడిగింది. చిన్నమ్మ అన్న. అబద్ధమంటదనుకున్న, లేకపోతే ఏడుస్తదనుకున్న. రెండూ చేయలే.

"గంజే అనుకున్న బిడ్డా. అందరికీ చెప్పి చెప్పి, నాక్కూడ గంజే యాదికొస్తది."

నేను గడపల కూలబడ్డ. తనను చిన్నప్పుడు మా అమ్మమ్మ మంచం కోడుకు కట్టేసేదని, అన్ని ఇండ్లల్ల గంతే అనుకున్ననని అమ్మ చెప్పుకుంట పోయింది. ఆమె మీద జాలి, కోపం రెండూ ఒక్కసారే వచ్చినయ్. ఆ రెండిట్ల ఏదో ఒకటి నోట్ల నుంచి వస్తదనుకుంటే వేరే మాట వచ్చింది.

"నేను జారిపడలేదమ్మా. అతను నూకిండు."

ఆ మాట అంతకుముందు నేను నాతో గూడ అనుకోలే. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డ. అమ్మ మాత్రం ఉలిక్కిపడలే.

"తెలుసు," అన్నది. "కుట్లు చూసిన్నాడే తెలిసింది."

మరి ఎందుకు పంపినవని అడిగిన. ఆమె కత్తెర పక్కన పెట్టింది. కింద పడ్డ ఆకు ముక్కలు ఏరుకుంట కూసున్నది. నేను మంచినీళ్లు గూడ తాగకుండ బస్టాండుకు నడిచిన. బస్సుల కిటికీ పక్కన కూసుంటే వరి చేన్లు, మక్క చేన్లు పోతున్నయ్, నా కంటికేమీ ఆనలే. తెలిసి పంపిందన్న ఒక్క మాటే చెవుల్ల తిరిగింది.

ఆ ఆదివారం, అతను ఇంట్లున్నప్పుడే, చిన్నమ్మ ముందర నా బట్టలు మూటగట్టి మిషన్ ఆటోల పెట్టించిన. అతను ఎప్పటిలెక్కనే మెత్తగ మాట్లాడిండు. నాకు మెదడు చెడిందని, డాక్టరుకు చూపించాలెనని చిన్నమ్మకు చెప్పిండు. నేను జారలేదని అన్న. అప్పుడు మొదటిసారి అతను అరిచిండు. పక్కింటోళ్లు తలుపులు తీసి చూసిండ్రు. ఆ గొంతు వాళ్లకు కొత్త. వాళ్ల మొఖాలు చూస్తే నాకేదో సాక్ష్యం దొరికినట్టయింది.

రైల్వే గేటు దిక్కు ఒక అర్ర కిరాయికి తీసుకున్న. విడాకుల కేసు ఇంకా నడుస్తున్నది. సర్కారు దవాఖానల కౌన్సెలింగ్ చేసే మేడం దగ్గరికి చిన్నమ్మనే తోల్కపోయింది. నాకంటే చిన్న పిల్ల ఆ మేడం. దెబ్బల గురించి అడుగుతదనుకొని జవాబులు తయారుచేసుకొని పోయిన. ఆమె మీకేం తినబుద్ధయితది అని అడిగింది. ఎంత ఆలోచించినా ఒక్క కూర పేరు రాలే. అమ్మకు ఏది ఇష్టమో, అతనికి ఏది ఇష్టమో తెలుసు. నాదేంటో తెలియక అక్కడనే ఏడ్చిన. ఆమె తొందరపెట్టలే. మనసుకు తెలిసినా ఒంటికి భయం జల్ది పోదని, ఒంటికి కొంత టైం ఇయ్యాలెనని చెప్పింది. అది నిజమే. అతని బండి లెక్క చప్పుడు వినవడితే ఇప్పటికీ కుట్టుడు ఆపి లేచి నిలవడుత. కానీ మెల్లగ కూసుంట గూడ. వారానికో కొత్త కూర వండుకొని చూసిన. ఇన్నేండ్లు తిన్న వంకాయ నాకు అసలే నచ్చదని తెలిసి నిజంగ ఆశ్చర్యపోయిన.

అమ్మతోని చానా నెలలు మాట్లాడలే. ఒక మధ్యాహ్నం చెప్పకుండ వచ్చి తలుపు దగ్గర నిలవడ్డది. లోపలికి రమ్మన్న. కుర్చీ అంచుకు కూసున్నది. అంతల ఒక గిరాకీ ఫోన్ చేసి, ఇయ్యాలనే బ్లౌజు కావాలని లొల్లి పెట్టింది. నేను గొంతు పెంచి, రేపే ఇస్తనని గట్టిగ చెప్పి ఫోన్ పెట్టేసి తిరిగిన. అమ్మ రెండు చేతులు ఒడిలెకు గుంజుకొని, మెడ లోపలికి ముడుచుకొని, నా దిక్కు చూస్తున్నది. ఆ చూపు నాకు తెలుసు. మా అమ్మ నన్ను చూసి భయపడింది.

ఇన్నేండ్లు ఆమెను అట్ల చూడాలెనని నాలోపల ఎక్కడనో ఉండే ఉంటది. చూసినంక సంబురమేం కాలే. నిన్నేమంటలే, మంచిగ ఆనుకొని కూసో అన్న. ఆమె ఆనుకున్నది. పచ్చిపులుసు, అన్నం పెట్టిన. తినుకుంట, తలెత్తకుండ, ఆ రోజు నిన్ను సంకనేసుకొని ఉరుకుతుంటే చచ్చిపోతవనుకున్న బిడ్డా అన్నది. నేను ఇంకింత పచ్చిపులుసు పోసిన.

మాఫ్ చేసిన్నా అంటే నాకే తెల్వది. మేడం గూడ తొందరపడి తేల్చుకోవద్దన్నది. అమ్మ ఇప్పుడు అప్పుడప్పుడు వస్తది, కాసేపు గుండీలు కుడతది, సాయంత్రం బస్సుకు ఎల్లారెడ్డి పోతది. రాత్రి ఉండమని నేను ఇంకా అనలే. ఆమె కూడ అడగలే.