దున్నిన పుస్తకం

శృంగవరపుకోట చుట్టుపక్కల ఎవరు ఎడ్లు కొనాలన్నా ఒకప్పుడు మా చినబాబు తాతను సంతకు వెంటబెట్టుకుని వెళ్లేవారు. పళ్లు చూసి వయసు, సుళ్లు చూసి బుద్ధి చెప్పేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ కంటికి పని లేకుండా పోయింది. పని లేని కన్ను ఊరుకుంటుందా? మనవరాలు ఝాన్సీ ల్యాప్‌టాప్ కొనుక్కుని కాలేజీ హాస్టల్‌కు పోతూ వదిలేసిన పాత కంప్యూటర్ మీద పడింది. దానికి ప్రోగ్రాం రాసి, తన మాట వినేలా చేస్తానన్నాడు.

ఆ కంప్యూటర్ ఉన్న బల్ల మీద గ్రైండర్ పెట్టుకోవాలని జగ్గమ్మ నాయనమ్మ ఎప్పటినుంచో కాచుకుని ఉంది. దసరాలోగా ఆ పెట్టె నీ మాట విన్నట్టు చూపించు, లేదంటే అటకెక్కిస్తానంది.

తాత విజయనగరం వెళ్లాడు. పాత పుస్తకాలమ్మే గోవింద్ ప్రోగ్రాములు నేర్పే పుస్తకాలు ఒక మోపు తెచ్చి ముందు పడేసి, అన్నిటికన్నా లావుగా నిగనిగలాడేదాన్ని తెగ మెచ్చుకున్నాడు. తాత దాన్ని తెరవలేదు. పక్కనుంచి చూశాడు. మొదటి పేజీల అంచులు మట్టిరంగు, మిగతావన్నీ మల్లెపూవంత తెలుపు.

"ఇది నాలుగు సాళ్లు దున్నీసి కూలబడిపోయిన రకం. ఎందుకమ్మీసినాడో నాకు తెలీదేటి?"

ఇంకొకదాన్ని అట్ట పట్టుకుని తలకిందులుగా ఊపాడు. మరొకదాన్ని వాసన చూశాడు. చివరికి అట్ట ఊడిన బక్కది ఒకటి దొరికింది. మొదలునుంచి చివరిదాకా వేలిముద్రలు, పెన్సిల్ గీతలు, టీ మరకలు. చేను మొత్తం దున్నిన గొడ్డంటే ఇదేనని చంకలో పెట్టుకున్నాడు. పళ్లు చూడడం మాత్రం మరిచాడు. అంటే, అది ఏ ఏడు అచ్చయిందో చూడలేదు.

ఇంటికొచ్చి అందులో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లో కొడితే ప్రతిసారీ తప్పంటూ ఎర్ర అక్షరాలు. నాయనమ్మ గ్రైండర్ కడిగి ఆరబెట్టి, బల్ల పక్కకు తెచ్చి పెట్టింది. తాత ఝాన్సీకి ఫోన్ చేశాడు. అది కడుపుబ్బా నవ్వి, ఆ పుస్తకం పాత కాలందని, ఇప్పుడు తెర మీద చూపించమనే ప్రింట్ అన్న ఆజ్ఞ తర్వాత మాటకు రెండు వైపులా బ్రాకెట్లు పెట్టాలని చెప్పింది.

"అయితే ఇన్నాళ్లూ ముకుతాడు నేకండా తోలుతన్నానా," అన్నాడు తాత.

దసరా ముందురోజు నాయనమ్మను పిలిచాడు. పిలవడమంటే దగ్గడమే. పెళ్లయిననాటినుంచి ఆయన నోట ఆవిడ పేరు రాలేదు. దగ్గు, లేదంటే ఒసే.

మీట నొక్కగానే తెర నిండా ఒకటే మాట, ఇంగ్లీషు అక్షరాల్లో బారులు తీరి దిగింది. తాత ఛాతీ విరిచి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

"ఏటి రాసినాది?"

"సూడు, నీకే తెలుస్తాది."

"నాను సదువుకున్నానేటి? నువ్వే సదువు."

తాత వీధిలోకి చూశాడు. నాయనమ్మ చెయ్యి గ్రైండర్ మీదే ఉంది.

"జగ్గమ్మ," అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

"దాని కిందది?"

"అదీ జగ్గమ్మే."

"ఆ కింద?"

నాయనమ్మ పీట లాక్కుని కూర్చుని చివరి వరుసదాకా చదివించుకుంది. ఆ తర్వాత గ్రైండర్‌ను తనే వంటింటి మూలకు నెట్టుకుంది.