ప్రవల్లిక మేడం రెండో డాక్టరేట్

ఒక డాక్టరేట్ ఉన్నావిడ ఇంకో డాక్టరేట్ కోసం మళ్ళీ వార్డులోకి రావడమేమిటని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

ప్రవల్లికది అమలాపురం పక్క. దోహాలో మా ఆస్పత్రి నర్సులకు పాఠాలు చెప్పే ఉద్యోగం. పీహెచ్‌డీ చేసి, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని హాయిగా ఏసీ గదిలో కూర్చోక, ప్రాక్టీస్ డాక్టరేట్ అంటూ నేను చార్జ్ నర్సుగా ఉన్న ఆర్థో వార్డుకు వచ్చిపడింది. పరిశోధన రాస్తే చాలదట, వార్డులో ఒక పద్ధతి మార్చి చూపిస్తేనే ఆ పట్టా ఇస్తారట. నేను నమ్మలేదు. మా తప్పులు ఏరడానికి మేనేజ్‌మెంట్ పంపిందనుకున్నాను. ఉమ్ ఘువైలినా పేటలో మేం నర్సులం కలిసి ఉండే ఫ్లాట్‌లోనూ ఇదే చర్చ. వార్డులో ఆవిడ కనపడితే మా కబుర్లు ఆగిపోయేవి.

ఆవిడ మార్చాలన్నది ఒకటే. కూలీ పేషెంటును నొప్పి గురించి అడిగేటప్పుడు కంపెనీ మనిషి మంచం దగ్గర ఉండకూడదు. నాకది చాదస్తంగా తోచింది. ఫోర్‌మన్ ఉంటే మాకు పని తేలిక, పేషెంటు బదులు తనే జవాబు చెప్పేస్తాడు.

జగిత్యాల వైపు కుర్రాడు జలంధర్ సైటులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. ఫోర్‌మన్ రత్నాకర్ వాళ్ళ ఊరివాడే, వీసా ఇప్పించిందీ అతనే. నొప్పి ఉందా అంటే రత్నాకర్ మంచిగనే ఉన్నడనేవాడు, జలంధర్ తలూపేవాడు. అతను లేనప్పుడు ప్రవల్లిక అడిగినా, మంచిగనే ఉన్ననంటూ అదే తలూపుడు.

ఆ సాయంత్రం నేను మందులిస్తుంటే జలంధర్ గొంతు తగ్గించాడు.

"అక్కా, గా మేడం కంపెనీ మనిషా? నొప్పంటే ఇంటికి పంపుతరా?"

ఆవిడ ఎవరి మనిషన్నది ఇన్నాళ్ళూ నా ప్రశ్న కూడా. అతని నుదురంతా చెమట. నాకే నమ్మకం లేని మాట చెప్పాను.

"కాదు తమ్ముడూ, మన మనిషే. చెప్పు."

కట్టు లేని కాలి పిక్క నిన్నటి నుంచి గుంజుతోందన్నాడు. దుప్పటి తీస్తే అది వాచి ఎర్రబడి ఉంది. మంచి కాలు కదా అని మేమెవరమూ సరిగా చూడలేదు. రక్తం గడ్డకట్టిందని స్కానింగులో తేలింది. ఇంకా ఆలస్యమైతే గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయేదని డాక్టర్ అన్నాడు.

మందు మొదలుపెట్టాక ప్రవల్లికను సూటిగా అడిగాను, ఒక డాక్టరేట్ చాలలేదా అని.

"వీళ్ళు నొప్పి ఎందుకు దాస్తారో మొదటిదాంట్లో రాశానండీ. అందరూ మెచ్చుకున్నారు. ఫోర్‌మన్లు మాత్రం మంచం దగ్గర్నుంచి కదల్లేదు," అందావిడ.

ఆవిణ్ణి పూర్తిగా నమ్మేశానని చెప్పను, నా తత్వం అలాంటిది. మర్నాడు రత్నాకర్ పళ్ళ సంచితో వచ్చాడు. నేను నొప్పి గురించి అడగ్గానే, మంచిగనే ఉన్నడు సిస్టర్ అని మామూలుగా అందుకున్నాడు. జలంధర్ ఈసారి తలూపలేదు. నావైపు చూశాడు.

"రత్నాకర్ గారూ, మీరు కిందికెళ్ళి చాయ్ తాగి రండి," అన్నాను.

అతను బయటికి నడిచాక తలుపు నేనే వేశాను.