ప్రేక్షకుల్లో కూర్చున్న టోర్గైర్

టోర్గైర్ హౌస్కే ఇరవై రెండేళ్లు ఓస్లోలో ఒపేరా అనే పాటల నాటకాల్లో పాడాడు. అతనిది లోతైన, నిండైన బారిటోన్ గొంతు. అయినా బృందగానంలో రెండో వరసే దక్కింది. మహా అయితే జైలు కాపలావాడి వేషం, లేదంటే వార్త మోసుకొచ్చే సైనికుడి వేషం. వేసవిలో తన దీవికి వెళితే, రేవులో వల బాగుచేసుకునే పక్కింటి అస్లాక్ ఊరుకునేవాడు కాదు.

"ఏరా, ఈ ఏడాదైనా చివరిదాకా ఉంచారా, మొదట్లోనే చంపేశారా?"

"చంపలేదు మామా. ఉత్తరం ఇచ్చి పొమ్మన్నారు."

తల్లి రాగ్నా మాత్రం నవ్వేది కాదు. కొడుకు వేదిక మీద పాడగా ఆమె ఒక్కసారీ వినలేదు. భర్త చేపల వేటకు వెళ్లి తిరిగి రాని ఏడాది నుంచి ఆమె పడవ ఎక్కలేదు.

నలభై తొమ్మిదో ఏట అతనికి ప్రధాన పాత్ర వచ్చింది. కూతుర్ని ఇంట్లోంచి వెళ్లగొట్టి, ఆఖరున ఆమె ముందు మోకరిల్లే తండ్రి వేషం. వెంటనే తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈసారి మొదటినుంచీ చివరిదాకా నేనే."

"అయితే వస్తాను," అందామె.

"పడవ ఎక్కాలి కదమ్మా!"

"మరి ఈదుకుంటూ వస్తానా?"

ప్రదర్శన ఇంకా పదకొండు రోజులుందనగా, సాధన మధ్యలో అతని గొంతు ఆగిపోయింది. జలుబనుకున్నారు. డాక్టర్ సన్నటి గొట్టం వేసి చూసింది. ఎడమవైపు స్వరతంత్రి కదలడం లేదు. దాని నరం చచ్చుబడింది.

"మాటకు ఢోకా లేదు. పాట సంగతి మాత్రం నేను చెప్పలేనండీ," అంది.

ఆ బొంగురు గొంతుతోనే తల్లిని రావద్దన్నాడు.

"టికెట్ కొనేశాను. నువ్వు నా పక్కన కూర్చో," అంది రాగ్నా.

అస్లాక్ ఆమెను పడవలో తీసుకొచ్చాడు. అవతలి ఒడ్డు చేరేదాకా ఆమె కళ్లు తెరవలేదట, అతని చెయ్యి వదల్లేదట.

తల్లీకొడుకులు తొమ్మిదో వరసలో కూర్చున్నారు. టోర్గైర్ వేషాన్ని బెర్గెన్ నుంచి వచ్చిన కుర్ర గాయకుడు కట్టాడు. బాగా పాడాడు. అదే టోర్గైర్‌కు మరీ కష్టమైంది. తండ్రి మోకరిల్లినప్పుడు రాగ్నా కొడుకు వైపు ఒరిగింది.

"ఇక్కడ నువ్వైతే ఎలా పాడేవాడివిరా?"

అతను ఆమె చెవిలో గుసగుసగా చెప్పాడు. "ఇంకా మెల్లగా. వాడు ఏడుస్తున్నాడు చూడు. నేనైతే ఏడుపు ఆపుకునేవాణ్ణి."

ముందు వరసలోని ఆవిడ వెనక్కి తిరిగి చిరాగ్గా చూసింది.

"ఏమనుకోకమ్మా, మా అబ్బాయి పాడుతున్నాడు," అంది రాగ్నా.

ఆవిడ టోర్గైర్ ముఖం చూసి ముందుకు తిరిగింది.

తెర పడ్డాక అందరితోపాటు టోర్గైర్ కూడా లేచి చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చి కోటు వేసుకున్నాడు, బొత్తాలు మాత్రం పెట్టుకోలేదు. తల్లే పెట్టింది.

గొంతు తిరిగి రాలేదు. అదే రంగస్థలంలో ప్రాంప్టర్‌గా చేరి, పాట మరిచిపోయినవాళ్లకు గుసగుసగా అందించడం అతని పనయింది. మరుసటి శీతాకాలం రాగ్నా పోయింది. దీవి చర్చిలో, శవపేటిక పక్కన ఊరంతా నిలబడి కీర్తన పాడింది. నాలుగు చరణాలూ టోర్గైర్ పుస్తకం వంక చూస్తూనే ఉన్నాడు. నోరు తెరవలేదు.