తొమ్మిది క్వింటాళ్ల మెత్తదనం

నా పాత పికప్ బండికి కొత్త షాకబ్జర్లు, ఎత్తు లేపే కమాన్ పట్టీలు వేయించింది మా అక్క నడుము కోసం. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. ఆ రోజు నారాయణఖేడ్ బజారులో నన్ను చూసినవాళ్లలో చాలామంది వేరే కారణాలు ఊహించుకున్నారు.

అక్కకు డెబ్భై ఎనిమిదేళ్లు. దవాఖానలో డాక్టరు ఆమె నడుముకు బెల్టు కట్టి, కుదుపు తగిలితే ఇక మంచానికే అని గట్టిగా చెప్పాడు. అక్కేమో బోరంచ నల్లపోచమ్మకు బోనం మొక్కుకుంది. ఆటోలో పొమ్మంటే వినలేదు.

“తమ్మునికి బండి ఉండంగ నేను బోనం వట్టుకొని ఆటో ఎక్కుడేంది? తమ్ముడు ఉన్నడా, సచ్చిండా అంటరు నలుగురు.”

“నా బండిల పోతె నీ నడుము సస్తది గదక్కా.”

“అయితె బండిని బాగు చేపియ్. నడుమును బాగు చేసుడు డాక్టరుతోని కాదంట.”

ఆ మాటలో న్యాయం ఉంది. బండి వెనుక భాగం కుంగిపోయి చాలా కాలమైంది. షాకబ్జర్ల నుంచి నూనె కారుతోంది. గుంతలో పడ్డప్పుడల్లా ఇనుముకు ఇనుము తగిలి, ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసలోకి వచ్చేది. బోనానికి వారం రోజుల ముందు బండిని మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను.

మిస్త్రీ కిందికి దూరి, పానాతో అక్కడా ఇక్కడా తట్టి చూసి, బయటికి వచ్చి ఒక్కటే అడిగాడు. “ఎంత లోడ్ ఏస్తరు సార్?”

నేను నోటికి వచ్చింది చెప్పే మనిషిని కాను. ముప్ఫై నాలుగేళ్లు భూములు కొలిచే ఉద్యోగం చేశాను. ఇంటికి వెళ్లి, బండి కొన్ననాటి నుంచి ఉన్న డైరీలన్నీ దించి, రెండు పూటలు కూర్చున్నాను. బండి ఏ రోజు ఏం మోసిందో అన్నీ దొరికాయి. కందులు, పత్తి, పెళ్లి వంటపాత్రలు, ఒకసారి కంగ్టి నుంచి తెచ్చిన రెండు బర్రెలు. అంతా కూడి, రోజులతో భాగిస్తే తొమ్మిది క్వింటాళ్లు తేలింది. కాగితం మీద రాసి, కింద గీత గీసి మిస్త్రీకి ఇచ్చాను.

“పక్కానా సార్? గింత లోడా?”

“డైరీల ఉంది.”

“డైరీల ఉంటె ఇగ నేనెవన్ని,” అని అతడు ఆ బరువుకు తగ్గ పట్టీలే తెప్పించాడు.

బోనం ముందు రోజు సాయంత్రానికి పని పూర్తయింది. టేపు పెట్టి చూస్తే బండి వెనుక భాగం సరిగ్గా జానెడు లేచింది. ముక్కు కిందికి, తోక పైకి పెట్టి, నీళ్లు తాగడానికి వంగిన బర్రెలా నిలబడింది. బస్టాండు దాకా నడిపి చూశాను. పోయేటప్పుడు మూడుసార్లు తల కప్పుకు తగిలింది. వచ్చేటప్పుడు నా ఛాతీ స్టీరింగు మీద పడి హారన్ దానంతటదే మోగింది. దారిలో ఇద్దరు తెలిసినవాళ్లు పిలిచాననుకుని నమస్కారం పెట్టారు.

“ఏందయ్యా ఇది? ముందుకంటె అధ్వాన్నం అయింది!”

మిస్త్రీ తాపీగా చేతులు తుడుచుకున్నాడు. “లోడ్ లేదు గద సార్. తొమ్మిది క్వింటాళ్లు వడితె మెత్తగ పోతది. ఖాళీగ పోతె గిట్లనే ఎగుర్తది.”

“నేను దినాం ఖాళీగనే గద తిప్పేది?”

“గది మీ డైరీల లేదు.”

నిజంగానే లేదు. బండి ఏదైనా మోసిన రోజునే నేను రాసుకున్నాను. ఊరికే తిరిగిన రోజులు, అంటే నెలలో ఇరవై ఆరు రోజులు, రాయదగినవని నాకెన్నడూ తోచలేదు.

పాత పట్టీలు అప్పటికే తుక్కులోకి పోయాయి. వేరేవి సంగారెడ్డి నుంచి రావాలి, నాలుగు రోజులు. బోనం మరునాడే. అక్క నడుము దక్కాలంటే తొమ్మిది క్వింటాళ్లు కావాలి.

మొదట రాళ్లనుకున్నాను. అక్క కస్సుమంది. “అమ్మకు బోనం తీస్కపోతున్ననా, బండలు తీస్కపోతున్ననా?”

పొద్దున్నే గింజల వ్యాపారం చేసే సేటు దగ్గరికి వెళ్లాను. తాతలనాడే కన్నడ దేశం నుంచి వచ్చిన కుటుంబం. కంది బస్తాలు ఒక్క పూటకు ఇమ్మన్నాను. అతడు చెవులు మూసుకున్నాడు. “బేడ సార్, బేడ! వద్దే వద్దు! అమ్మ కాడికి పోయిన గింజ మళ్ల దుకాణంలకు రావద్దు. ఆడనే పంచాలె. మనుషులను తీస్కపోండ్రి. మనుషులైతె పోయి వస్తరు.”

అలా మా గల్లీ జనాన్ని సేటు దుకాణం ముందున్న కాంటా మీద తూచడం మొదలైంది. మగవాళ్లు చెప్పులు విప్పమంటే విప్పలేదు, బరువు తగ్గుతుందని. ఆడవాళ్లు అంకె పైకి చదవనియ్యలేదు. చివరికి ముగ్గురేసి ఎక్కి నిలబడితే మొత్తం మాత్రం చదవడానికి ఒప్పుకున్నారు. పదమూడు మంది ఎక్కినా ఇంకా క్వింటాలు తక్కువ పడింది. అప్పుడు గల్లీ చివర బజ్జీలు వేసే లావుపాటి హోటల్ ఆయన జ్ఞాపకం వచ్చాడు. నేనే వెళ్లి బతిమాలుకున్నాను.

“బజ్జీలు కాలుతున్నయ్ సార్, ఎట్లొస్త?”

“నువ్వొక్కనివి ఎక్కితె లెక్క సరిపోతది. మా అక్క నడుము నీ చేతుల ఉంది.”

“చేతుల లేదు సార్, ఏడుందో నాకెరుకే,” అని అతడు పొయ్యి ఆర్పి వచ్చాడు. అతడు ఎక్కగానే బండి మూలిగి, తోక దించి, సమంగా నిలబడింది.

అక్క పీట మీద కాలు పెట్టి నా పక్కన ఎక్కి, బోనం ఒళ్లో పెట్టుకుంది. మిస్త్రీ చెప్పింది అక్షరాలా నిజం. బండి గుంతలను పట్టించుకోలేదు. అక్క కళ్లు మూసుకుని “ఉయ్యాల తీరు ఉందిరా తమ్మీ” అంది. మనూర్‌లో నేను నీళ్ల కోసం ఆగి, మళ్లీ కదిలాక చిన్న కుదుపు తగలగానే అక్క ఒక్కసారిగా కళ్లు తెరిచింది. “ఎవడో దిగిండు!”

ఆపి చూస్తే నిజమే. అక్కడ అత్తగారిల్లు ఉన్న ఒకడు చెప్పకుండా జారుకున్నాడు. ఆటో కోసం నిలబడ్డ ఒక ముసలాయనను బతిమాలి ఎక్కించుకుని లోటు పూడ్చాను.

బోరంచ గుడి దగ్గర అక్క తన కాళ్ల మీద తానే దిగింది. దీపం వెలిగించుకుని, బోనం నెత్తిన పెట్టుకుని, వంగకుండా నడిచి అమ్మకు చెల్లించింది. ఆమె ముఖం చూసి, నేను వేయించిన పట్టీలు తప్పేమీ కాదని కూడా అనుకున్నాను.

బయటికి వస్తే బండి మళ్లీ తోక లేపుకుని ఉంది. మనిషన్నవాడు లేడు. కొందరు చుట్టాలు యాటలు కోసిన విందుకు పోయారు. కొందరు నిలబడి నిలబడి నడుములు పట్టేశాయని బస్సెక్కారు. హోటల్ ఆయన బజ్జీల కోసం ఎప్పుడో వెళ్లిపోయాడు.

అక్క బండిని చూసింది, నన్ను చూసింది, నేరుగా వెళ్లి షేరాటోలో కూర్చుంది.

“అక్కా! ఆటోనా?”

“పొయ్యేటప్పుడు బోనం ఉండె. ఇప్పుడేముంది? నువ్వు మెల్లగ రా, తల పైలం.”

అందులో పదకొండు మంది ఉన్నారు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఒత్తుకుంటుంటే అక్క మధ్యలో, బస్తాల నడుమ బస్తాలా బిగుసుకుని కూర్చుంది. నేను వెనకాలే బయలుదేరాను. మొదటి గుంతలో ఆటో పడి లేచింది. లోపల ఎవ్వరూ కదల్లేదు, కదలడానికి చోటు లేదు. అదే గుంతలో నేనూ పడ్డాను. నేను సీటు మీదికి దిగేసరికి ఆటో మూలమలుపు తిరిగిపోయింది.