ఒక బండి, రెండు దారులు

తడి ఎర్రమట్టి వాసనలో డీజిల్ పొగ కలిస్తే వచ్చే వాసన ఒకటుంది. మా అపార్ట్‌మెంటు గేటు ముందు మొక్కల వ్యాను ఆగి గుర్రుమంటుంటే మిగతావాళ్ళు ముక్కులు మూసుకుంటారు, నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడతాను. పిచ్చి అనుకుంటే అనుకోండి. కడియం దగ్గర నర్సరీలో పుట్టి పెరిగినదాన్ని, నా చిన్నతనం సగం ఆ వాసనలోనే గడిచింది.

తొంభైల్లో మాకొక పికప్ వ్యాను ఉండేది. నర్సరీలాగే అదీ నాన్నగారికీ శేషు బాబాయికీ ఉమ్మడి. తొలకరి పడిందంటే చాలు, తెల్లారేసరికి దాని వెనక అంటుమామిళ్ళు, సపోటాలు, కొబ్బరి మొలకలు, మందారాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడేవి. శ్రావణమాసం వస్తే వాటి పక్కన బంతిపూల బుట్టలు, బుట్టల మీద కునికిపాట్లు పడుతూ మేము, ఇంట్లోంచి అమ్మ కాలుస్తున్న తాటిరొట్టె ఘుమఘుమ. వారంలో సగం రోజులు నాన్నగారు హైవే మీద విశాఖపట్నం వైపు వెళ్ళేవారు. మిగతా సగం బాబాయి రాజమండ్రిలో ఇంటింటికీ తిరిగి మొక్కలు దించేవాడు.

హైవే మీద వేగంగా పోతే గాలికి లేత ఆకులు మాడిపోతాయి, కొనేవాడు మొహం మీదే వద్దంటాడు. అందుకని నాన్నగారు పైన వల కప్పి, టాప్ గేరులో వేసి, పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్తున్నట్టు ఒకే తీరున నడిపేవారు. మైలేజీ బాగా వచ్చేది. అది ఆయన గొప్ప కాదు, మొక్కల గొప్ప. ఈ మాట ఇప్పటికీ ఆయన ఒప్పుకోరు, నేను అనడం మానను.

ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఉన్నట్టుండి, "నా చేతిలో లీటరుకి పదమూడు ఇచ్చే బండి నీ చేతిలో తొమ్మిది దగ్గర ఆగిపోతోందేంటి? మిగతా ఆయిల్ ఎవరు తాగుతున్నార్రా?" అన్నారు.

బాబాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్ముకుంటున్నానంటావా అన్నయ్యా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదులే."

లేచి చెయ్యి కడుక్కుని, తాళంచెవి తెచ్చి నాన్నగారి కంచం పక్కన పెట్టాడు. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని రేపే నిడదవోలు మావగారింటికి పోతానన్నాడు. పిన్ని గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ లోపలికి వెళ్ళింది. బాబాయి వెళ్ళిపోతే నర్సరీ మధ్యలో కంచె పడుతుందని పిల్లలమైన మాకు కూడా తెలుసు.

అప్పుడు లేచింది మాణిక్యం అత్తయ్య. నాన్నగారికీ బాబాయికీ అక్క, మామయ్య పోయినప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంటూ పూల మడులన్నీ తనే చూసేది. నా నోరు ఎవరి పోలికో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

"రేపణ్ణుంచి దారులు మార్చుకోండి. పెద్దోడా, నువ్వు రాజమండ్రి. చిన్నోడా, నువ్వు విశాఖపట్నం. మావగారింటికి తర్వాత పోదువుగాని, వాళ్ళెక్కడికీ పోరు."

అంతటితో ఊరుకోలేదు. బంకులో ట్యాంకు నిండా కొట్టించి, మూతని అరటినారతో బిగించి, దండలు కట్టేటప్పుడు తను మాత్రమే వేసే ముడి వేసింది. కోస్తే తప్ప ఊడదు, కోశాక మళ్ళీ అలా వేయడం ఎవరివల్లా కాదు. మళ్ళీ బంకుకి వెళ్ళేటప్పుడు తనే వచ్చి కోసేది. అన్నదమ్ముల మధ్య ఈ ముళ్ళేంటి వదినా అని అమ్మ నొచ్చుకుంటే, "అనుమానం మనసులో పెట్టుకు తిరగడం కన్నా ట్యాంకుకి కట్టుకోవడం నయం కదే" అంది.

ఆదివారం కావడంతో నాన్నగారితో నేనూ రాజమండ్రి వెళ్ళాను. కోటగుమ్మం నుంచి దేవీచౌక్ దాకా ఫస్టు గేరు, సెకండు గేరు, బ్రేకు, మళ్ళీ ఫస్టు గేరు. ముందు రిక్షా, పక్కన ఆవు, వెనక హారను. ఓ ఇంటావిడ గులాబీ మొక్కని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూ పువ్వు ఏ రంగు పూస్తుందో పూచీ ఇమ్మని అడుగుతుంటే, రెండు నిమిషాలకి ఆపడమెందుకని వదిలేసిన ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది. బండి అంగుళం కదల్లేదు, డీజిల్ మాత్రం కాలుతోంది. మధ్యాహ్నానికి నాన్నగారి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

బంకులో అత్తయ్య ముడి చెక్కుచెదరకుండా ఉంది. మైలేజీ తొమ్మిది కూడా రాలేదు. తన వంతు వచ్చినప్పుడు బాబాయి, అన్నయ్యకి తన తడాఖా చూపిద్దామని హైవే మీద బండిని ఎగరేసుకుపోయి, పదమూడు తేలేకపోగా మందారాల ఆకులన్నీ మాడ్చుకొచ్చాడు.

"ఒకడికి ఊరు రాదు, ఒకడికి రోడ్డు రాదు" అంది అత్తయ్య.

తర్వాత డిగ్రీలో నేను ఫిజిక్సు చదివాను. కదిలే బరువుని ఆపినప్పుడల్లా దాని ఊపంతా బ్రేకుల్లో వేడిగా పోతుందని, మళ్ళీ కదిలించడానికి కొత్తగా డీజిల్ తగలెయ్యాలని పుస్తకంలో ఉంది. ఉంటే ఉంది. అందరూ చూస్తుండగా తప్పు తనదని తేలిన మనిషి ఆ తర్వాత ఏం చెయ్యాలో అందులో లేదు. అది నేను బాబాయి తిరిగొచ్చిన సాయంత్రం వీధి అరుగు మీద చూశాను. నాన్నగారు తాళంచెవి తీసుకెళ్ళి బాబాయి చేతిలో పెట్టి, పక్కనే కూర్చున్నారు.

"శేషూ, ఆ దేవీచౌక్‌లో తొమ్మిది ఎలా తెస్తున్నావురా? నాకూ చెప్పు."

బాబాయి తాళంచెవి జేబులో వేసుకుని, "క్లచ్ మీద కాలు ఆనించకు అన్నయ్యా. రిక్షావాడు ఆగుతాడని దూరం నుంచే తెలుస్తుంది కదా, అక్కడే యాక్సిలేటరు వదిలెయ్యి" అన్నాడు. పిన్ని లోపల సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

ఆ వ్యాను ఎప్పుడో అమ్మేశారు. అత్తయ్య లేదు, ఆవిడ పూల మడులున్న చోట ఇప్పుడు లారీలు ఆగుతాయి. దేవీచౌక్‌లో రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. నాన్నగారికి కళ్ళు సరిగ్గా కనపడవు కాబట్టి ఆస్పత్రికి బాబాయే కారులో తీసుకెళ్తాడు. ఊళ్ళోకి రాగానే బండి ఆగుతూ, కదులుతూ, మళ్ళీ ఆగుతూ ఉంటుంది. నేను వెనక సీట్లో కూర్చుని చూస్తుంటాను. ప్రపంచంలో ప్రతిదానికీ వంక పెట్టే మా నాన్నగారు, బాబాయి డ్రైవింగు గురించి మాత్రం ఒక్క మాట కూడా అనరు.